నేను తినని కూర

పెనుకొండలో నేను పనిచేసే ప్రైవేటు బడిలో హిందీ టీచరుకు ఏడో నెల వచ్చింది. మార్చి నెలాఖరుకు సెలవు పెట్టి పుట్టింటికి పోతానన్నది. పోయేలోపల ఆమెకు ఒక పూట అందరం కలిసి మంచి భోజనం పెడదామని హెడ్మిస్ట్రెస్ అన్నారు. లెక్కల సారు బస్టాండు దగ్గరి హోటల్లో కనుక్కొని వచ్చి, వాడు చెప్పిన రేటు వినిపించినాడు. ఆ నెల జీతాలు ఇంకా పడలేదు.

"అందులో సగానికి నేను వండి తెస్తా," అన్నాను.

ఎవరూ అడగకుండానే అన్న మాట అది. మాది హిందూపురం. మా ఆయనకు చిన్న చిల్లర అంగడి ఉంది, పప్పులూ బెల్లమూ ఎక్కడ చవకో నాకు తెలుసు. అదొక్కటే కారణం కాదు. ఆ బడిలో నాకు పెద్ద పేరేమీ లేదు. ఇంగ్లీషు టీచరు బాగా మాట్లాడుతుంది, లెక్కల సారు క్లాసు బయట పిల్లలు గుమికూడతారు. నేను సైన్సు చెప్పి రైలెక్కి ఇంటికి పోయే మనిషిని. వంట విషయంలో మాత్రం నా టిఫిన్ బాక్సు తెరిస్తే నలుగురు చెయ్యి పెడతారు. ఆ నలుగురి ఎదుట ఇంకాస్త పెద్దగా కనపడాలనిపించింది. హెడ్మిస్ట్రెస్ "మీరుండగా మనకు హోటలెందుకు మేడం" అనేసరికి ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద లేవు.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు పోయినాక తినాలి. నేను పొద్దున్నే రైలు పట్టుకోవాలి కాబట్టి ముందే చేసి పెట్టుకునేవే వండాలి. నోట్‌బుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. పులియోగరె గొజ్జు, అదే పులిహోర పులుసు, బుధవారమే చేసి పెడితే వారం నిలుస్తుంది, శనివారం తెల్లవారి అన్నం వండి కలిపేస్తే చాలు. వేయించిన చెనిక్కాయలు పైన చల్లుకోవడానికి విడిగా డబ్బాలో. అప్పడాలు శుక్రవారం వేయించి కవర్లో కట్టేస్తే మెత్తబడవు. పెరుగన్నం అనుకొని కొట్టేసినాను, ఎండకు మధ్యాహ్నానికి పులిసిపోతుందని. ఉత్త పులియోగరె పెడితే బీదగా ఉంటుంది గదా, ఒక మంచి కూర ఉండాలి. హిందీ టీచరుకు పితికిపప్పు కూర ఇష్టమని ఎప్పుడో చెప్పింది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటి నొక్కి తోలు తీసి, కొబ్బరీ గసగసాలూ మసాలా నూరి వేసి వండే కూర. గింజలు మా అంగట్లోవే. అయ్యేది కష్టమే గానీ ఖర్చు కాదు.

శుక్రవారం బడి నుంచి రాగానే మా అత్తా నేనూ కూర్చుని రెండు గంటలు గింజలు పితికినాము. మా అత్తకు చేతివేళ్ళు వంగవు, అయినా నాతో సమానంగా పితికింది. దీపాలు పెట్టే వేళకు కూర అయిపోయింది. ఇల్లంతా కమ్మటి వాసన. మా ఆయన ఒక గరిటెడు వేసుకొని తిని, "పెండ్లి కూర మాదిరి ఉండాది," అన్నాడు.

గిన్నె పెద్దది. ఫ్రిజ్జులో పట్టలేదు. రెండు గిన్నెల్లోకి సర్దితే పట్టేదే, కానీ నాకు ఓపిక లేదు. వేడి వేడి కూర మీద మూత గట్టిగా పెట్టి, పైన గుడ్డ కప్పి గట్టు మీదనే ఉంచేసినాను. ఆ పక్కనే పొయ్యి వేడి. కిటికీ కూడా వేసే ఉంది.

తెల్లవారి అన్నం వార్చి, గొజ్జు కలిపి, కూర మూత తీసినాను. అంచుల వెంబడి సన్నటి నురుగు. గరిటెతో కలిపితే కొంచెం జిగటగా సాగింది. వాసన పూర్తిగా చెడ్డదని చెప్పలేను. నిన్నటి వాసన కిందనుంచి ఇంకొక వాసన వస్తా ఉంది, అంతే.

మా అత్త వెనకనుంచి వచ్చి చూసింది. చూడగానే చెప్పేసింది. "కొబ్బరి తిరిగింది పాపా. పారబోయ్."

"ఏం కాలేదత్తా. మళ్ళీ కాస్తే సరిపోతుంది."

"పొట్టతో ఉండే పిల్లకు పెడతాండావు. పులియోగరె ఉండాది గదా, అది చాలదా?"

నేను వినలేదు. చింతపండు చిక్కగా పిసికి పోసినాను, గరం మసాలా వేసినాను, కారం పెంచినాను, కుతకుతా ఉడికించినాను. పది నిమిషాల్లో ఆ వాసన తెలియకుండా పోయింది. ఏడో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్పేదాన్ని నేనే. ఆహారం ఒకసారి చెడినాక కాచినంత మాత్రాన మంచిది అయిపోదని బోర్డు మీద రాసి పిల్లలతో చదివించేదాన్ని. ఆ పొద్దు పొయ్యి ముందర నిలబడి నాకు అది గుర్తురాలేదని చెప్పుకుంటే అబద్ధం. గుర్తొచ్చింది. కూర లేకుండా ఉత్త పులియోగరెతో పోతే అందరూ ఏమనుకుంటారన్న మాటే గట్టిగా వినిపించింది.

మా ఆయన గిన్నెలు స్కూటరు మీద పెట్టుకొని స్టేషన్‌లో దించిపోయినాడు.

మా బడిలో ఒక ఆయమ్మ ఉండేది. బుక్కపట్నం వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. చిన్నపిల్లల్ని చూసుకోవడం, గదులు ఊడ్వడం, స్టాఫ్ రూములో మంచినీళ్ళు నింపడం ఆమె పని. వయసులో మా అందరికంటే పెద్దది. తలా ఇంతని వేసుకున్నప్పుడు ఆమెను అడగలేదు. ఎలాగూ మిగిలింది తింటుందని అనుకున్నాము. ఆ శనివారం ఆమె ఒక పెద్ద స్టీలు క్యాను మోసుకొని వచ్చింది.

"పెరుగు లేదంట గదా మేడం. ఎండ దినాలు. హిందీ మేడంకు సల్లగా ఉంటాదని మజ్జిగ తెస్తి," అన్నది. కరివేపాకు, అల్లం, కొంచెం ఇంగువ వేసి తెచ్చింది.

ఇద్దరు ముగ్గురు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హిందీ టీచరే మొదట గ్లాసు చాపింది. తర్వాత అందరూ తాగినారు.

పులియోగరెను అందరూ మెచ్చుకున్నారు. కూరను ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. "పులుపు బాగా పడింది," అన్నాడు లెక్కల సారు. నేను వడ్డిస్తా తిరిగినాను. మీరూ కూర్చోండి అంటే, ఈ వారం నుంచి శనివారం ఒక్కపొద్దు పట్టినానని చెప్పినాను. అది అప్పటికప్పుడు పుట్టిన మాట. నా జన్మలో నేను ఒక్కపొద్దు ఉన్నదాన్ని కాదు. హిందీ టీచరు ఆకులోకి రెండోసారి కూర వేసింది నేనే. వద్దంటున్నా వేసినాను. ఇద్దరికి తినాలి గదా అన్నాను, అందరూ నవ్వినారు.

అందరూ చేతులు కడుక్కోవడానికి పోయినాక, ఆకలికి కళ్ళు తిరుగుతుంటే గోడ పక్కన కూర్చున్నాను. ఆయమ్మ చూసి వచ్చి గ్లాసు నిండా మజ్జిగ పోసింది. "ఒక్కపొద్దుకు మజ్జిగ తప్పు కాదులే మేడం, తాగండి." తాగినాను. ఇంకొక గ్లాసు పోసింది. అదీ తాగినాను. ఆ పూట నా కడుపులో పడింది ఆ మజ్జిగ ఒక్కటే.

సాయంత్రం ఆరుకు ఫోను వచ్చింది. హిందీ టీచరుకు వాంతులు, విరేచనాలు. హిందూపురం ఆసుపత్రికి తెస్తున్నారు. లెక్కల సారుకూ, ఇంకో ఇద్దరికీ అట్లనే ఉందంట. నేను ఫోను పెట్టేసరికి మా అత్త నా వైపు చూసి, లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున ఆసుపత్రికి పోయినాను. ఆమెకు సెలైన్ ఎక్కిస్తున్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బిడ్డకేం భయం లేదని డాక్టరు చెప్పినాడంట. పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నోరు తెరిచి చెప్పేద్దామనే పోయినాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను కూడా.

హిందీ టీచరు నా చెయ్యి పట్టుకొని, "పాపం మేడం, మీరు అంత కష్టపడి చేసినారు. ఆ మజ్జిగ వల్ల మీ భోజనానికి చెడ్డపేరు వచ్చె," అన్నది.

"మజ్జిగా?" అన్నాను.

వాళ్ళమ్మ అందుకుంది. "లెక్కల సారు ఫోన్ చేసినాడమ్మా. ఆ ఆయమ్మ తెచ్చిన మజ్జిగే అంట. ఏ నీళ్ళు కలిపిందో, ఏ కుండలో చిలికిందో."

ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, బాధ కాదు. ఒళ్ళు తేలికైంది. అది తలచుకుంటే ఈ రోజుకీ నాకు ఒంటరిగా ఉన్నప్పుడు మొహం దాచుకోవాలనిపిస్తుంది. కూర్చుకున్న మాటలు మింగేసి, తీసుకుపోయిన బత్తాయిలు పక్కన పెట్టి, జాగ్రత్తమ్మా అని చెప్పి వచ్చేసినాను.

సోమవారం హెడ్మిస్ట్రెస్ అందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టినారు. హిందీ టీచరు తప్ప అందరూ ఉన్నారు. లెక్కల సారు మొహం పీక్కుపోయి ఉంది. "వంటంతా మేడం ఇంట్లో చేసింది. శుభ్రంగా చేస్తారు, మనకు తెలుసు. బయటనుంచి వచ్చింది అదొక్కటే," అన్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆయమ్మ ఏ వాడ మనిషో అందరికీ తెలుసు. నాది అంగడి పెట్టుకున్న ఇల్లనీ తెలుసు. పైకి అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

హెడ్మిస్ట్రెస్ మాత్రం తొందరపడే మనిషి కాదు. ఎవరెవరు ఏమేం తిన్నారని ఒక్కొక్కరినే అడిగినారు. బాగలేకుండా పోయినవాళ్ళు అన్నీ తిన్నారు, అన్నీ తాగినారు. బాగున్నవాళ్ళూ అన్నీ కొంచెం కొంచెం తిన్నవాళ్ళే. ఆఖరికి నా వైపు తిరిగినారు.

"మీరు ఒక్కపొద్దు గదా, ఏమీ తినలేదు. మజ్జిగ తాగినారా మేడం?"

వాకిట్లో ఆయమ్మ నీళ్ళ బిందె చంకలో పెట్టుకొని నిలబడి ఉంది. ఆమె మొహం కూడా వాడిపోయి ఉందని చూసినాను గానీ ఎందుకని ఆలోచించలేదు. ఆమె నా వైపే చూస్తా ఉంది. తాగినాను, రెండు గ్లాసులు తాగినాను, నాకేం కాలేదు అని చెబితే చాలు. కూర సంగతి కూడా చెప్పనక్కరలేదు. ఆ ఒక్క మాటతో ఆమె బయటపడేది.

"లేదు మేడం. తాగలేదు," అన్నాను.

ఆయమ్మ నన్ను ఇంకొంచెం సేపు చూసింది. తర్వాత చూపు తిప్పుకుంది.

"ఆయమ్మా, రేపటినుంచి నువ్వు మంచినీళ్ళ జోలికి రావద్దు. గదులు, బాత్రూములు చూసుకో చాలు," అన్నారు హెడ్మిస్ట్రెస్. గొంతు పెంచకుండానే అన్నారు.

"సరే మేడం," అని ఆయమ్మ బిందె అక్కడే దించి పోయింది.

పరీక్షలు అయ్యేదాకా వచ్చింది. నేను ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేది. రెండు మూడు సార్లు ఒంటరిగా కనపడినప్పుడు పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. ఎండాకాలం సెలవులకు ముందు రోజు ఆమె జీతం లెక్క చూసుకొని, మళ్ళీ రానని చెప్పి పోయిందని విన్నాను.

సెలవుల్లో ఇంట్లో ఉండలేకపోయినాను. వంటింట్లోకి పోతే మా అత్త ఉంటుంది. ఆమె ఒక్కసారి కూడా కూర సంగతి ఎత్తలేదు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది. మే నెలలో ఒక రోజు ఆమే అన్నది, "ఆ ఆయమ్మ యాడుండాదో కనుక్కోరాదా." ఆమెకు నేనేమీ చెప్పలేదు. అంగడికి వచ్చిన ఎవరో చెప్పిన మాట మా ఆయన ద్వారా విని, తనకు తానే అర్థం చేసుకుంది.

బడి వాచ్‌మన్‌ను అడిగితే, ధర్మవరంలో కూతురి దగ్గర ఉంటోందని చెప్పినాడు. ఒక ఆదివారం ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగినాను. ఇంట్లో చీర కొనడానికని చెప్పినాను. వాచ్‌మన్ చెప్పిన వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గాల చప్పుడు. అడుగుతా పోతే ఒక రేకుల ఇంటి ముందు, నీడలో చక్రం ముందర కూర్చుని పట్టుదారం కండెలు చుడతా కనపడింది ఆయమ్మ. పక్కన నాలుగేళ్ళ మనవరాలు ఖాళీ కండెలతో ఆడుకుంటోంది.

నన్ను చూసి లేవలేదు. కూర్చోమని చాప వైపు తల ఊపింది.

"ఆయమ్మా," అన్నాను. "ఆపొద్దు చెడిపోయింది కూర. నాకు తెలుసు. తెలిసే పెట్టినాను."

చక్రం ఆగలేదు. "నాకూ తెలుసు మేడం. గిన్నెలు కడిగింది నేనే గదా. అడుగున వాసన కొట్టె. అప్పటికే మిగిలిన కూర అన్నంలో ఏసుకోని తినింటి. ఆ రాత్రి నాకూ వాంతులే. ఆదివారమంతా లేయలేకపోతి."

ఆ మాట నేను ఊహించలేదు. ఆమె కూడా తినిందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూట తిన్న పన్నెండు మందిలో ఆమె ఒక్కదాని ఒంట్లో ఎట్లుందని ఎవరమూ అడగలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పల్ల?" అన్నది. దారం తెగితే ముడి వేసుకుంది. "నువ్వు చెప్తావని సూస్తి. రెండు గ్లాసులు పోసింది నా చెయ్యే గదా. నువ్వు తాగలేదంటివి. ఇంగ నేను నోరు తెరిచి ఏం జేసేది?"

ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. అందులో కోపం లేదు. ఇక మర్యాద చెయ్యాల్సిన పని లేదని తేల్చుకున్నట్టు అన్నది.

"తప్పు చేసినాను. క్షమించు ఆయమ్మా."

ఆమె మనవరాలి వైపు చూసి, "ఇది ఆపొద్దు మా ఇంట్లోనే ఉన్నింది. మజ్జిగ కావల్లని ఏడ్చె. బడిలో మేడమ్‌లకు తక్కువైతాదని దీనికి పోయకుండా క్యానులో పోసుకోని వస్తి. అదే నాకు యోచన వస్తాంటాది," అన్నది.

"బడి తెరవగానే అందరి ముందరా చెప్తాను. నువ్వు మళ్ళీ రా."

"చెప్పుకో. నీకు మనసుకు బాగుంటే చెప్పుకో. నేనైతే ఆడికి రాను. ఈడ నా పని నేను చేసుకుంటాండా, నన్ను ఎవురూ ఏమీ అనరు."

మంచినీళ్ళు ఇమ్మని అడగాలనిపించింది. నోరు ఎండిపోయి ఉంది. అడిగితే ఇచ్చేదే. అడిగే మొహం లేక లేచి వచ్చేసినాను. చీర కొనకుండా ఇంటికి పోతే మా అత్త కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చింది.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే హెడ్మిస్ట్రెస్ గదిలోకి పోయి అంతా చెప్పినాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టినారు. "ఇప్పుడెందుకు మేడం ఇవన్నీ? అయిపోయింది గదా. ఆమె కూడా మానేసింది."

"అందరికీ చెప్పాలి మేడం."

"మీ ఇష్టం. నేనైతే వద్దంటాను."

స్టాఫ్ రూములో మధ్యాహ్నం బాక్సులు తెరిచినప్పుడు చెప్పినాను. కూర చెడిందని తెలిసి తెచ్చినానని, ఒక్కపొద్దు అబద్ధమని, మజ్జిగ రెండు గ్లాసులు తాగి బాగున్నది నేనేనని. ఎవరూ నన్ను తిట్టలేదు. ఇంగ్లీషు టీచరు తల వంచుకొని తింటా ఉంది. లెక్కల సారు బాక్సు మూస్తా, "అయినా మజ్జిగలో కూడా ఏదో ఉండే ఉంటాది లెండి మేడం. మీరు ఊరికే మీ మీద వేసుకుంటాండారు," అన్నాడు. ఆయన నిజంగానే నా మీద దయతో అన్నాడు. ఆ రోజు నా బాక్సులో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ తర్వాత కూడా పెట్టలేదు.

హెడ్మిస్ట్రెస్ వాచ్‌మన్‌తో ఆయమ్మకు కబురు పంపినారు, మళ్ళీ రమ్మని. ఆమె రాలేదు. కొత్త ఆయమ్మ వచ్చింది.

హిందీ టీచరుకు ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో చూడటానికి పోయి, ఆమెకూ చెప్పినాను. బిడ్డను భుజం మీద వేసుకొని విన్నది. అంతా అయినాక ఒకటే అడిగింది.

"ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు మేడం? డాక్టరు మూడు మార్లు అడిగినాడు, ఏం తిన్నావమ్మా అని. కూర సంగతి నాకు తోచనే లేదు. మజ్జిగ అని చెప్పినాను."

ఆమె జవాబు కోసం ఎదురుచూడలేదు. బిడ్డకు పాలు పట్టాలని లోపలికి పోయింది. వాళ్ళమ్మ కాఫీ తెచ్చి నా ముందర పెట్టింది. తాగకుండా లేస్తే బాగుండదని తాగి, లోపలి గది తలుపు మూసి ఉంటే, బయటినుంచే వస్తానని చెప్పి వచ్చినాను.

ఇంకా అదే బడిలో పనిచేస్తున్నాను. ఈ మధ్య కొత్తగా చేరిన సోషల్ టీచరు ఒకామె, పక్కన కూర్చుని మాటల్లో అడిగింది. "ఇంతకుముందు ఈడ ఒక ఆయమ్మ ఉండేదంట గదా మేడం. ఆమె తెచ్చిన మజ్జిగ తాగి అందరూ ఆసుపత్రి పాలయినారంట?"

కాదని చెప్పి, మొదటినుంచి చెప్పుకొచ్చినాను. గింజలు పితకడం దగ్గరనుంచి. ఆమె మర్యాదగా విన్నది. నేను సగంలో ఉండగా గంట కొట్టినారు. ఆమె చాక్‌పీసులు తీసుకొని, "మిగతాది తర్వాత చెప్దురు మేడం," అని క్లాసుకు పోయింది. తర్వాత ఆమె అడగలేదు. నేనే మరుసటి రోజు ఆమెను ఆపి, మిగతాది చెప్పినాను.